ఉలార్‌బెల్ శుక్రవారాలు

బిష్కెక్,
జనవరి చివరి ఆదివారం.

ఉలార్‌బెల్ కనుమ మీది మంచుకీ, గాలికీ, ఒక కుక్కకీ ఏకైక అధిపతి, మా అక్క మొగుడు అయిన కాదిరాలి బావగారికి,

మీ మరదలు రైకాన్ నమస్కారాలు. అక్కకి ముద్దులు. కుక్కకి కూడా. మీకు మాత్రం చీవాట్లు తెచ్చాను.

రేడియోలో చెప్పొచ్చు కదా అంటారు. ఆ రేడియోని కొండల్లో ఉన్న వాతావరణ కేంద్రాలన్నీ వింటాయి. పోయినసారి "డాక్టరు చెప్పినట్టు నూనె మానేశారా బావా?" అని అడిగానా, మర్నాడు పక్క కనుమ వాళ్ళు మా వాతావరణ ఆఫీసుకి పంపిన కబురు ఇదీ: "మైనస్ పద్దెనిమిది, గాలి పడమర నుంచి, కాదిరాలి పొట్ట ఎలా ఉంది?" అందుకే సామాను జీపులో ఈ ఉత్తరం.

విషయం ఏమిటంటే, ప్రపంచంలోని ఉష్ణోగ్రతలన్నీ ఒకచోట పోగుచేసే విదేశీ కేంద్రం నుంచి మా ఆఫీసుకి కాగితం వచ్చింది. పోయిన శరదృతువు నుంచీ ఉలార్‌బెల్‌లో శుక్రవారం మధ్యాహ్నాలు మిగతా రోజులకన్నా మూడేసి డిగ్రీలు వెచ్చగా ఉంటున్నాయట. కారణం చెప్పమన్నారు. మా పెద్దసారు సోల్తోబాయెవ్‌గారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "మీ బావే కదా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. ఆ మాటలో ఎంత అవమానం ఇమిడ్చారో మీకు తెలీదు.

బావా, ఎండకి వారాలు తెలీవు. మంచు కేలండరు చూసి కురవదు. ఇవాళ శుక్రవారం అని తెలిసేది ఈ భూమ్మీద ఒక్క మనిషికే. మరి ఆ కొండమీద శుక్రవారం ఏం జరుగుతోంది?

నిజం రాయండి. అందంగా రాయక్కర్లేదు.

మీ బుగ్గలు మంచుకి కందిపోవాలని కోరుకునే,
రైకాన్


ఉలార్‌బెల్,
ఫిబ్రవరిలో జీపు వచ్చిన రోజు.

వెచ్చటి గదిలో రేడియేటరు పక్కన కాళ్ళు చాపుకుని నా డిగ్రీల మీద తీర్పులు చెప్పే మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి నేను టోపీ తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ తగిలించుకున్నాను. అంత కోపం వచ్చింది.

మీ నాన్నగారు ఈ కేంద్రాన్ని నా చేతికిచ్చిన రోజు నుంచీ, కనుబొమలకి మంచుపెళ్ళలు వేలాడుతున్నా, ఒక్క రీడింగ్ తప్పలేదు. థర్మామీటరు ఉండే ఆ తెల్ల చెక్కపెట్టెకి తాళంచెవి ఒకటే. అది నా మెడలో ఉంటుంది. మీ అక్కకి కూడా ఇవ్వను. నేను తప్ప ఆ పెట్టె తెరిచే ప్రాణి ఈ కనుమ మీద లేదు. థర్మామీటరు ఎంత చూపిస్తే అంతే రాశాను. ఒక్క అంకె మార్చానని రుజువు చెయ్యి, నా మీసం తీసి ఇదే కవరులో పంపిస్తాను.

శుక్రవారం వెచ్చగా ఉందంటే ఉందన్నమాట! కింద లోయలో జనం శుక్రవారం స్నానాలగదులు కాగబెడతారు, ఆ ఆవిరి పైకి వస్తుందేమో. లోయ దూరమే అనుకో. అయినా ఆవిరికి కాళ్ళు నొప్పులా? ప్రపంచమంతా వేడెక్కుతోందని మీరే కదా చెబుతారు. దానికి ఎక్కడో ఒకచోట, ఏదో ఒక వారం మొదలవ్వాలి కదా?

ఇది మా పొరుగున గొర్రెల్నీ జడలబర్రెల్నీ మేపుకునే తోలోముష్‌కి చెప్పాను. వాడు నవ్వాడు. "ప్రపంచం వేడెక్కడం ఏమిటి అన్నా, ఈ ఏడు నా బర్రెలకి జుట్టు ఎలా పెరిగిందో చూడు. పెట్టెలో గాజుపుల్లని నమ్ముతావా, నడిచే బర్రెని నమ్ముతావా?" అన్నాడు. మా ఇద్దరికీ రెండు పాత్రల టీ అయ్యేదాకా వాదన నడిచింది. బర్రె వచ్చి కిటికీలోంచి చూసి వెళ్ళిపోయింది.

మీ అక్క పళ్ళు కట్టించుకోడానికి ఈ జీపులోనే నీ దగ్గరికి వస్తోంది. నెల్లాళ్ళకి సరిపడా జొన్నగంజికి పిండి కలిపి, సంచి మీద "ఇదే తిను" అని రాసిపెట్టింది. ఒక్క మాట. ఈ శుక్రవారాల గొడవ ఆమె దగ్గర ఎత్తకు. అసలే పళ్ళ నొప్పి, కంగారు పడుతుంది.

గంజి చల్లారిపోతోంది, అదేమంత నష్టం కాదు,
నీ బావ కాదిరాలి


బిష్కెక్,
మార్చి మొదట్లో.

మీసం పందెం కాసిన బావగారికి,

అక్క నోట్లో ఇప్పుడు మూడు బంగారు పళ్ళున్నాయి. నవ్వితే మా వంటగదిలో దీపం అక్కర్లేదు. తిరుగు జీపులో పంపిస్తున్నాను, జాగ్రత్తగా దింపుకోండి.

ఒక వింత చెప్పనా? ఫిబ్రవరిలో మీ శుక్రవారాలు బుద్ధిగా ఉన్నాయి. గురువారం ఎంత చలో, శనివారం ఎంత చలో, శుక్రవారమూ అంతే. మీ లోయలో జనం నెల్లాళ్ళు స్నానాలు మానేశారా?

నవ్వుతున్నాను కానీ సంగతి నవ్వేది కాదు. పెద్దసారు మొన్న నన్ను పిలిచి రెండు దారులు చెప్పారు. ఒకటి, చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చి మీ వేడిలో ఎక్కువైంది తీసెయ్యడం. రెండు, కారణం తెలియకపోతే ఉలార్‌బెల్‌ని ప్రపంచ లెక్కల్లోంచే కొట్టెయ్యడం. కొట్టేస్తే మీ అంకెలు మాత్రమే పోవు. నాన్నవి కూడా పోతాయి. ఆయన జ్వరంతో వణుకుతూ కూడా వెళ్ళి చదివిన అంకెలు. అక్కకీ నాకూ కూడికలు, తీసివేతలు నేర్పింది ఆ అంకెలతోనే. కేంద్రానికి జీతం, జీపు దండగని కూడా ఎవరో అన్నారట. అంటే మీరూ అక్కా వచ్చి నా రెండు గదుల ఇంట్లో ఉండాలి. కుక్కతో సహా.

కాబట్టి దయచేసి సూటిగా చెప్పండి. పెట్టె జరిపారా? రంగు మార్చారా? పక్కన కొత్తగా ఏదైనా కట్టారా? పొయ్యి పెట్టారా?

భయపడుతున్న
రైకాన్


ఉలార్‌బెల్,
ఓరోజో, అంటే రంజాన్ ఉపవాసాల మధ్య.

కత్తెర చేతబట్టిన మరదలికి,

జరపలేదు. మార్చలేదు. కట్టలేదు. పెట్టలేదు. నీ నాలుగు ప్రశ్నలకీ నాలుగు జవాబులు. ఉఫ్ అని ఊదినా ఆరని నిజాలు.

మీరు "తీసేస్తాం" అంటారా! నేను కనుమ మీద నిలబడి ఒక్కో డిగ్రీని పట్టి తెస్తే, మీరక్కడ కూర్చుని గొర్రె ఉన్ని కత్తిరించినట్టు కత్తిరిస్తారా? ఇలాగైతే థర్మామీటరు ఎందుకు, మీరే తలొక సంఖ్యా చెప్పుకోండి! ఇవాళ నా మూడు డిగ్రీలు కోస్తారు, రేపు ఇంకెవరివో రెండు కలుపుతారు, ఎల్లుండి ప్రపంచం వేడెక్కింది అంటారు, కాదు చల్లబడింది అంటారు. తోలోముష్ నవ్వడూ మరి?

అన్నట్టు తోలోముష్ మారిపోయాడు. ఉండబట్టలేక శుక్రవారాల సంగతి వాడికి చెప్పాను. వాడు నవ్వలేదు. చేతులు రెండూ మొహానికి రాసుకున్నాడు. "వారమంతా చలి, శుక్రవారం వెచ్చదనం. ఇంకా అర్థం కాలేదా అన్నా? దేవుడు శుక్రవారం ఇటు చూస్తున్నాడు" అన్నాడు. నేను "అది వాతావరణం రా" అన్నాను. "వాతావరణం ఎవరిది?" అన్నాడు. దానికి జవాబు ఆఫీసులో ఏ ఫైల్లోనైనా ఉంటుందేమో. నువ్వు పంపగలిగితే పంపు.

ఉపవాసం బాగా జరుగుతోంది. పొద్దుగుంకేదాకా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టను. నన్ను అనుమానించే వాళ్ళందరికీ దేవుడు మంచి బుద్ధి ఇవ్వాలని అడుగుతున్నాను.

నీ బావ


బిష్కెక్,
మే నెల.

ఉపవాసాల బావగారికి,

ముందు కత్తెర సంగతి. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న ఆ పెట్టెని ఇంటి గోడ పక్కనుంచి తీసి ఆవరణ మధ్యలో పెట్టారు, తనకి గుర్తుందని అక్క చెప్పింది. గోడ వేడి తగలడం మానేసరికి అంకెలన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి. సరిచెయ్యకపోతే ఏమయ్యేది? ఫలానా మంగళవారం నాడు తియాన్‌షాన్ పర్వతాలు చల్లబడ్డాయని ప్రపంచం నమ్మేది. చల్లబడలేదు బావా, నాన్న పెట్టె మోశారు, అంతే. మేం చేసేది కొయ్యడం కాదు, కళ్ళజోడు తుడవడం. పాత అంకెని చెరిపెయ్యం కూడా. అది అలాగే ఉంటుంది, పక్కన సరిచేసింది రాసి, ఎందుకు సరిచేశామో రాస్తాం. ఆ "ఎందుకు" దగ్గరే మీతో చచ్చిపోతున్నాను.

ఎందుకంటే ఓరోజో నెలలో మీ వెచ్చదనం మధ్యాహ్నం మానేసి సాయంత్రానికి మారింది. సూర్యుడు అస్తమించాక, ఉపవాసం విడిచాక వచ్చే రీడింగులో. శుక్రవారాలే మళ్ళీ. పండగ అవగానే తిరిగి మధ్యాహ్నానికి వచ్చేసింది. అంతేకాదు, ఇప్పుడు మూడు కాదు, ఐదు డిగ్రీలు! పెద్దసారు కాగితం మీద ఆ ఉష్ణోగ్రతల గీత చూసి, "ఈ వాతావరణం నమాజు చేస్తుందా?" అని అడిగారు. నవ్వుతూ అడగలేదు.

జూన్‌లో ఆయనే స్వయంగా వస్తున్నారు. విదేశీ కేంద్రం నుంచి హెల్గా అనే ఆవిడ కూడా. వాళ్ళు చూసి ఏది చెబితే అదే ఖాయం. ఈలోగా మీరు కొత్తగా ఏ పనీ చెయ్యకండి. వీలైతే కదలకండి.

రైకాన్


ఉలార్‌బెల్,
మే చివర, పచ్చిక మొలిచింది.

మరదలు పిల్లకి,

కదలొద్దన్నావు. నేను కదల్లేదు. జనమే కదిలారు.

తోలోముష్ వేసవి మేతకి వెళ్తూ దారిపొడుగునా డేరా డేరాకీ చెప్పాడు. నెల మొదటి నుంచీ ప్రతి శుక్రవారం గుర్రాల మీదా, ఒక ట్రాక్టరు మీదా దిగుతున్నారు. మన ఆవరణ కంచెకి గుడ్డపీలికలు కడుతున్నారు. ఎర్రవి, నీలివి, ఒకావిడ తన మొగుడి చొక్కా చెయ్యే చింపి కట్టింది. పెట్టె చుట్టూ తిరుగుతున్నారు. ఈనని గొర్రెని ఒకడు తెచ్చాడు. ఇంకొకడు స్టార్టవని మోటారుసైకిలు తెచ్చాడు. తోలోముష్ తనంతట తానే దీనికి కాపరి అయిపోయి, "చెప్పులు ఇక్కడ, గుర్రాలు అక్కడ, పెట్టె మీద చెయ్యి వెయ్యకు తల్లీ, లోపల డిగ్రీలున్నాయి" అని కేకలేస్తున్నాడు.

నేను ఎంత చెప్పాను! "ఇది దర్గా కాదు, ప్రభుత్వ పరికరం" అన్నాను. "పాపం, ఆయనకి చెప్పుకోడానికి లేదు, ఉద్యోగం కదా" అని నా భుజం తట్టారు. రీడింగ్ టైములో మాత్రం అందరినీ కంచె అవతలికి తోసి, తలుపు కొంచెమే తెరిచి, చప్పున చదివి మూసేస్తున్నాను.

అందరూ మూటలు తెస్తున్నారు. మన ఆచారం ప్రకారం చనిపోయినవాళ్ళకి శుక్రవారం నూనె వాసన చూపించాలి కదా, మీ అక్క ఎలాగూ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పిండిముక్కలు నూనెలో వేసి బూర్సోక్‌లు వేయిస్తుంది. ఇప్పుడు ఊరి బూర్సోక్‌లన్నీ ఇక్కడికే. బల్ల మీద గుట్టలు. నేను చూసి తల తిప్పుకుంటాను, డాక్టరు మాట అంటే మాటే. మీ అక్క లెక్కపెట్టి మరీ గిన్నె మూస్తుంది, నన్ను నమ్మదు.

కుడిపక్క డొక్కలో కాస్త పట్టేసినట్టుంటోంది. ఈ ఎత్తు పడటం లేదేమో.

జూన్‌కి సిద్ధంగా ఉన్నాను. నిజం నా పక్షాన ఉంది.
కాదిరాలి


బిష్కెక్,
జూన్. పెద్దసారు ఎక్కే జీపులోనే ఈ ఉత్తరం.

బావా,

బూర్సోక్‌లు.

ఇంకేమీ రాయక్కర్లేదు, కానీ రాస్తాను, ఎందుకంటే ఐదు నెలల నిద్ర పాడు చేసుకున్నాను.

ఇరవై ఏళ్ళుగా ఆ కనుమ మీద ఉన్న మనిషికి "ఎత్తు పడటం లేదు" అని చదివి, పగలబడి నవ్వాను. మా పక్కింటావిడ గోడ కొట్టింది. నవ్వు ఆగాక మీ ఉత్తరాలూ, మీ అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నాను. అక్క వేయించేది శుక్రవారం మధ్యాహ్నం. వేడెక్కేది శుక్రవారం మధ్యాహ్నం. ఫిబ్రవరిలో అక్క నా దగ్గర ఉంది, మీరు గంజి తాగారు, ప్రపంచం చల్లబడింది. ఓరోజోలో మీరు పొద్దుగుంకేదాకా ముట్టరు, దేవుడి దగ్గర అంత నిజాయితీ! వేడి సాయంత్రానికి జరిగింది. మే నెలలో ఊరంతా మూటలు తెచ్చింది, మూడు డిగ్రీలు ఐదయ్యాయి. మొదలైంది ఎప్పుడు? పోయిన శరదృతువులో, నేనే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళి, పిత్తాశయంలో రాళ్ళున్నాయి, నూనె ముట్టకూడదు అనిపించిన వారం నుంచి.

అక్క జేబులు తడుముతుంది. అల్మారాలు వెతుకుతుంది. ఆ కొండమొత్తం మీద అక్క చెయ్యి దూరని చోటు ఒక్కటే. తాళంచెవి మీ మెడలో.

ప్రపంచమంతా గౌరవించే థర్మామీటరు పక్కన సలసలా కాగిన నూనెలోంచి తీసిన పిండివంట దాచుకుని, తింటూ, నోరు తుడుచుకుని, "మూడు డిగ్రీలు ఎక్కువ" అని నిజాయితీగా రాసుకున్న మహానుభావా! మీరు ఒక్క అంకె మార్చలేదు. ఒప్పుకుంటాను. ఆ అంకెలన్నీ నిజమే. బూర్సోక్ ఉష్ణోగ్రతలు.

ఈ ఉత్తరం చేరగానే, వాళ్ళు జీపు దిగేలోపే పెట్టె ఖాళీ చెయ్యండి. తర్వాత ఏం చెబుతారో మీ ఇష్టం. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెద్దసారుకి చెప్పాలని నాలిక కొసదాకా వచ్చి, "మీ బావే కదా" అన్న ఆ గొంతు గుర్తొచ్చి మింగేశాను.

మీసం ఉంచుకోండి. అది నిలబడాల్సిన రోజు వచ్చింది.
రైకాన్


నారిన్, ఆసుపత్రి,
జూన్ చివర.

తెలివైన మరదలికి,

నీ ఉత్తరం సమయానికే చేరింది. జీపూ, పెద్దసారూ, విదేశీ ఆవిడా కూడా అదే సమయానికి చేరారు. అది శుక్రవారం.

కంచె చుట్టూ జనం. పెద్దసారు కొండదారి కుదుపులకి ముఖం పాలిపోయి దిగి, "తాళం తియ్యండి" అన్నారు.

"రీడింగ్ టైం కాలేదు సార్."

"ఇప్పుడే తియ్యండి."

అప్పుడే డ్రైవరు నీ కవరు చేతికిచ్చాడు. "ఆఫీసు నుంచి అర్జెంటు" అని అక్కడే విప్పాను, కాస్త కాలయాపన అవుతుందని. మొదటి మాట చదివాను. రెండోది చదవాల్సిన పని లేకపోయింది. పెద్దసారే నా మెడలోంచి తాడు లాగారు. అది చెవికి తట్టుకుని టోపీ ఎగిరిపడింది.

తలుపు తెరిచారు. ముందు వాసన వచ్చింది. తర్వాత సన్నగా ఆవిరి. థర్మామీటరు కింద గుడ్డ మూట, అందులో బంగారు రంగులో పొంగిన బూర్సోక్‌లు.

తోలోముష్ మోకాళ్ళ మీద పడిపోయాడు. "దేవుడు పెట్టెలో వంట చేశాడు!" అని అరిచాడు. జనం ఒక్కసారి ముందుకి తోసుకొచ్చారు. ఒక ముసలామె ఏడుస్తోంది. మోటారుసైకిలు వాడు స్టార్టు చేసి చూసుకుంటున్నాడు. విదేశీ ఆవిడ ఒక బూర్సోక్ తీసి, వాసన చూసి, కొరికి, కళ్ళు మూసుకుంది.

మీ అక్క వచ్చింది. జనం దారిచ్చారు. మూటలోంచి ఒకటి తీసి తిప్పి చూసింది. "ఇవి నావి" అంది. "నా చక్రం కత్తికి ఒక పన్ను విరిగింది. ప్రతి ముక్కకీ ఈ గీత పడుతుంది."

తోలోముష్ తల పైకెత్తి, "దేవుడు నీ కత్తి వాడుకున్నాడేమో వదినా" అన్నాడు.

మీ అక్క వాడి వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ మూడు బంగారు పళ్ళూ కనిపించలేదు, పెదాలు అంత బిగించింది.

పెద్దసారు నన్ను పక్కకి లాగారు. ఆయన గొంతు తగ్గించి అన్న మాట నాకు బతికున్నంతకాలం గుర్తుంటుంది. "చూడు కాదిరాలి. ఇది దేవుడి పనైతే నేనీ కేంద్రాన్ని కొట్టెయ్యాలి. ఆయన ఏ రోజు వస్తాడో, ఏ రోజు రాడో, ఎన్ని డిగ్రీలు తెస్తాడో నేను లెక్క కట్టలేను. దొంగ పనైతే లెక్క కట్టగలను. దొంగ ఎవరో, ఏయే రోజులో తెలిస్తే ఆ రోజులే పోతాయి. మిగతా అన్నేళ్ళూ నిలుస్తాయి. నువ్వే చెప్పు, దేవుడా, దొంగా?"

మీ నాన్నగారు జ్వరంలో కంబళి కప్పుకుని పెట్టె దగ్గరికి నడిచిన రోజు నేనిక్కడే ఉన్నాను రైకాన్. చెయ్యి పట్టుకోబోతే తోసేశారు. "నీ ఒంటి వేడి తగుల్తుంది, దూరం జరుగు" అన్నారు.

"దొంగే సార్, నేనే" అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను. "శుక్రవారాలు మాత్రమే. శుక్రవారాలు తప్ప ఒక్క రోజు కూడా కాదు."

విదేశీ ఆవిడకి ఎవరో అనువదించి చెప్పారు. ఆవిడ "శుక్రవారాలు మాత్రమేనా?" అని మళ్ళీ అడిగింది. "మాత్రమే" అన్నాను. ముసలామె లేచి, తను కట్టిన పీలిక విప్పుకుని సంచిలో వేసుకుంది. ఒకరి తర్వాత ఒకరు విప్పుకున్నారు. తోలోముష్ నాతో మాట్లాడకుండా గుర్రం ఎక్కాడు. అందరికన్నా వాడి ముఖం చూడటమే కష్టమైంది.

అప్పుడు నా డొక్కలో కత్తి దిగినట్టయింది. పాపభయం అనుకున్నాను. రాళ్ళట. వాళ్ళ జీపులోనే ఇక్కడికి తెచ్చిపడేశారు. కోసి తీసేశారు. డాక్టరు రాళ్ళు సీసాలో వేసి ఇచ్చాడు. తాళంచెవి ఇప్పుడు మీ అక్క మెడలో ఉంది. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నీ దొంగ బావ


బిష్కెక్,
ఆగస్టు.

కోలుకుంటున్న బావకి,

జవాబు రాయకుండా ఎలా ఉంటాను? ఆఫీసులో మీ ఊసు లేకుండా ఒక్క పూట కాఫీ దిగడం లేదు.

ఉలార్‌బెల్ నిలిచింది. నాన్నవీ, మీవీ అన్నీ. శుక్రవారాలే పోయాయి. విదేశీ కేంద్రానికి పంపే కాగితంలో కారణం రాయాలి. అందులో ఇచ్చినవి ఇవీ: పరికరం చెడింది, చోటు మారింది, రంగు మారింది, జంతువు దూరింది, ఇతరం. మిమ్మల్ని "జంతువు" కింద వెయ్యాలా, "ఇతరం" కింద వెయ్యాలా అని నాకూ పెద్దసారుకీ పెద్ద వాదన. "ఎలక దూరినట్టే కదా" అంటారాయన. "ఎలక అంకెలు రాయదు సార్" అన్నాను. చివరికి హెల్గా గారు "ఇతరం" ఖాయం చేసి, పక్కన "స్థానిక ఆహారం" అని రాశారు. ఆ బూర్సోక్‌లు ఎలా చేస్తారో అక్కని అడిగి పంపమన్నారు కూడా.

ఆ తర్వాత, మధ్యాహ్నమంతా నేనొక్కదాన్నే కూర్చుని మొత్తం లెక్క మళ్ళీ వేశాను. శుక్రవారాలు తీసేశాను. అనుమానం ఉన్న ఏ రోజైనా తీసేశాను. నాన్న పెట్టె జరిపినది సరిచేశాను. పక్క కనుమలతో పోల్చాను. ఇంక తియ్యడానికి ఏమీ మిగల్లేదు.

అయినా గీత పైకే పోతోంది బావా. నెమ్మదిగా, గోల లేకుండా. మంగళవారాలు, బుధవారాలు, ఆదివారాలు. నాన్న మొదటి ఏళ్ళకీ, మీ ఈ ఏళ్ళకీ మధ్య. పక్క కనుమల్లోనూ అంతే.

పెద్దసారు వచ్చి నా వెనక నిలబడి చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నిజం చెప్పనా? ఇన్ని నెలలూ మిమ్మల్ని తిట్టాను కానీ, లోలోపల ఇదంతా మీ బూర్సోక్‌ల వల్లేనని తేలితే బాగుండునని ఆశపడ్డాను.

ఒళ్ళు జాగ్రత్త.
రైకాన్


ఉలార్‌బెల్,
సెప్టెంబరు చివర.

రైకాన్‌కి,

ఇంటికొచ్చాను. మీ అక్క మాట్లాడుతోంది. ముందు కుక్కతో మాట్లాడి నాకు వినిపించేది, ఇప్పుడు నేరుగానే. తాళంచెవి మాత్రం తిరిగి రాలేదు. పెట్టె దగ్గరికి ఇద్దరం వెళ్తాం. తను తాళం తీస్తుంది, నేను చదువుతాను.

తోలోముష్ మందతో కిందికి దిగుతూ నిన్న ఆగాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇంట్లోకి రా" అన్నాను. "దొంగల ఇంట్లోకి రాను" అన్నాడు. "దొంగకి పిత్తాశయం కూడా లేదురా ఇప్పుడు" అన్నాను. టోపీ తీసి మోకాలికేసి దులిపాడు. తర్వాత నవ్వి లోపలికి వచ్చాడు.

టీ తాగుతుండగా కప్పు మీద చప్పుడు మొదలైంది. మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. వాన. ఈ ఎత్తున, సెప్టెంబరు చివర్లో, మీ నాన్నగారి కాలంలో మోకాళ్ళలోతు మంచు ఉండేది. గుమ్మంలో నిలబడి చూశాం. పైన మంచుకొండ మీద కూడా వానే పడుతోంది. వాగు రంగు మారింది. గొర్రెలు తడిసి ముద్దయి, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాయి. తోలోముష్ చెయ్యి బయటికి చాపి, అరచేతిలో నీళ్ళు పట్టి, చాలాసేపు వాటినే చూశాడు.

"ఎంత చూపిస్తోంది అన్నా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో వాడు నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

ముగ్గురం వెళ్ళాం. మీ అక్క తాళం తీసింది. వాడు పెట్టెకి దూరంగా, తన ఊపిరి తగలకుండా నోటికి టోపీ అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేను చదివి పైకి చెప్పాను. మీ అక్క తలుపు మూసి తాళం వేసింది.

ఆ అంకె రేడియోలో పంపాను. ఈపాటికి నీ బల్ల మీద ఉండి ఉంటుంది. నిన్న గురువారం.

నీ బావ కాదిరాలి